ఎర్రపెట్ట నిన్న సాయంత్రం నుంచి ముక్కుతోంది, గుడ్డు రావడం లేదు. ఏం చేయాలి?

మామిడితోట (నూజివీడు) · బుధవారం ఉదయం 7:50

అందరికీ నమస్కారం. మా పెరట్లో నాలుగు గ్రామప్రియ పెట్టలు, రెండు నాటు పెట్టలు, ఒక పుంజు ఉన్నాయి. వాటిలో ఎర్రపెట్ట అని మేం పిలిచే గ్రామప్రియకి ఎనిమిది నెలల వయసు. రోజు విడిచి రోజైనా తప్పకుండా గుడ్డు పెట్టేది. సోమవారం పెట్టిన గుడ్డు పెంకు చాలా పలచగా ఉంది, పట్టుకుంటే సొట్ట పడింది. నిన్న సాయంత్రం నుంచి గంపలోకి వెళ్లి కూర్చుంటుంది, లేచి బయటికి వస్తుంది, మళ్లీ వెళ్తుంది. తోక కిందికి దించి, ఒళ్లంతా నిటారుగా పెట్టి నిలబడుతోంది. మధ్యమధ్యలో తోక పైకీ కిందికీ ఆడిస్తూ ముక్కుతోంది. పొద్దున నూకలు వేస్తే మిగతావన్నీ ఎగబడ్డాయి, ఇది మాత్రం ముట్టలేదు. రెట్ట కూడా వేయలేదు, కొంచెం తెల్లటి నీళ్లలా కారింది అంతే.

మా పక్కింటావిడ కొక్కెర తెగులు అంటోంది, మిగతా కోళ్లకి అంటుకోకముందే కోసేయమంటోంది. నాకు మనసు ఒప్పడం లేదు. చాలా టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు త్వరగా చెప్పండి.

కొండపల్లి_గంప (కొండపల్లి) · ఉదయం 8:05

అమ్మాయ్, కంగారుపడకు. నువ్వు చెప్పినదాన్ని బట్టి అది గుడ్డు అడ్డం పడినట్టే ఉంది. మన ఊళ్లలో పొద్దున్నే కోడిని చంకలో పెట్టుకుని, ఈ రోజు గుడ్డుందా లేదా అని వేలితో చూసి గంప కింద మూసేవాళ్లు కదా. ఇప్పుడు కూడా అదే చెయ్యి. చేతులు సబ్బుతో కడుక్కో, గోరు కత్తిరించుకో, వేలికి కొబ్బరినూనె బాగా రాయి. కోడి రెట్టా గుడ్డూ వచ్చేది ఒకే దారిలో. ఆ దారిలోకి వేలు నెమ్మదిగా, నేరుగా పెడితే అంగుళం రెండంగుళాల లోపే గట్టిగా తగులుతుంది. అది తగిలితే అనుమానం తీరిపోయినట్టే. గుచ్చకు, తిప్పకు. ఉందా లేదా తెలుసుకోవడం వరకే.

వేలు పెట్టడం భయమైతే పొట్ట కింద, రెండు కాళ్ల మధ్యన అరచేయి పెట్టి మెత్తగా నొక్కి చూడు. గుడ్డంత గట్టి ముద్ద తెలుస్తుంది.

జాతికోళ్లు_పల్నాడు (పిడుగురాళ్ల) · ఉదయం 8:20

కొక్కెర తెగులైతే ఒక్కదానికే రాదు అక్కా. ఆకుపచ్చ రెట్ట వేస్తాయి, నోరు తెరిచి గురక పెడతాయి, కొన్ని మెడ తిప్పేస్తాయి. రెండు మూడు రోజుల్లో గుంపంతా పడుకుంటుంది. మీ మిగతా కోళ్లు మేత మీద ఎగబడుతున్నాయంటే అది కాకపోవచ్చు. అయినా ఎర్రపెట్టని విడిగా పెట్టండి. ఏ జబ్బయినా విడిగా పెడితే నష్టం లేదు, పైగా దాన్ని మిగతావి పొడవకుండా ఉంటాయి.

పొదుగుకు వచ్చిందేమో కూడా ఒకసారి చూసుకోండి. పొదుగుకొచ్చిన పెట్ట గంపలో పరుచుకుని కూర్చుంటుంది, చెయ్యి పెడితే ఈకలు లేపి కుర్రుమంటుంది, అక్కడి నుంచి కదలదు. మీది లోపలికీ బయటికీ తిరుగుతోంది కాబట్టి ఆ లక్షణం కాదనిపిస్తోంది.

మామిడితోట · ఉదయం 8:55

పిన్నిగారు చెప్పినట్టే చూశాను. వేలు పెట్టగానే గట్టిగా గుండ్రంగా తగిలింది! దారి దగ్గర కొంచెం వాచినట్టుంది, రక్తం లేదు. మిగతావన్నీ బాగానే ఉన్నాయి. ఇప్పుడు ఏం చేయను? మా తమ్ముడు కొంచెం గట్టిగా నొక్కి బయటికి తోసేద్దాం అంటున్నాడు.

పశువైద్యం_రిటైర్డ్ (కరీంనగర్) · ఉదయం 9:10

నొక్కి తోయవద్దు. ఈ ఒక్క మాట ముందు వినండి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు. లోపల గుడ్డు పగిలితే పెంకు ముక్కలు కోసుకుపోతాయి. సొన లోపలే కుళ్లి చీము పడుతుంది. గుడ్డు పగలకపోయినా, బలంగా తోస్తే గుడ్డుతో పాటు గర్భసంచి బయటికి జారిపోతుంది. ఇరుక్కున్న గుడ్డుతో కంటే ఆ తోయడంతో చచ్చిపోయిన కోళ్లని నా సర్వీసులో ఎక్కువ చూశాను.

ఇప్పుడు చేయాల్సింది. వెడల్పు టబ్బులో గోరువెచ్చని నీళ్లు పోయండి, మీ మణికట్టుకి హాయిగా అనిపించేంత వేడి, అంటే 38 నుంచి 40 డిగ్రీలు చాలు. కోడి ఒంటి వేడే 41 డిగ్రీలుంటుంది కాబట్టి అంతకు మించొద్దు. పొట్ట, వెనకభాగం మునిగేలా ఇరవై నిమిషాలు కూర్చోబెట్టండి. ఒక చేత్తో రెక్కలు మెల్లగా పట్టుకుంటే చాలా కోళ్లు కాసేపటికి అలవాటుపడి కళ్లు మూసుకుంటాయి. నీళ్లు చల్లారితే మార్చండి. తర్వాత మెత్తని గుడ్డతో తుడిచి, దారి చుట్టూ వాజలిన్‌గాని కొబ్బరినూనెగాని రాసి, చీకటిగా ఉండే నిశ్శబ్దమైన గదిలో గడ్డి పరిచి వదిలేయండి. పక్కన నీళ్లు పెట్టండి. గంటసేపు ఎవరూ తొంగిచూడొద్దు. కోడికి భయం వేస్తే గుడ్డు పెట్టే కండరాలు బిగుసుకుంటాయి.

ఇంట్లో కాల్షియం మాత్రలున్నాయా?

కోవెంట్రీ_తోట (ఇంగ్లండ్) · ఉదయం 9:25

ఇక్కడ కోళ్లు పెంచేవాళ్లందరూ ఆ నీళ్లలో ఎప్సమ్ సాల్ట్ వేస్తారు. మన మెడికల్ షాపుల్లో మెగ్నీషియం సల్ఫేట్ అని అడిగితే ఇస్తారు. నేను కూడా వాడాను. స్నానం తర్వాత హీటర్ పక్కన పెట్టాలి, వెచ్చదనం చాలా ముఖ్యం.

పశువైద్యం_రిటైర్డ్ · ఉదయం 9:40

ఎప్సమ్ సాల్ట్ వేసినా ఇబ్బంది లేదు, వేయకపోయినా లోటు లేదు. కండరాలని సడలించేది ప్రధానంగా ఆ వెచ్చదనమే. కోడి ఆ నీళ్లు తాగకుండా చూసుకోవాలి, తాగితే విరేచనాలు పట్టుకుంటాయి, ఈ స్థితిలో ఒంట్లో నీరు పోవడం మంచిది కాదు. దానికోసం షాపుకి పరుగెత్తి గంట పోగొట్టుకోవద్దు.

హీటర్ సంగతి మాత్రం నూజివీడుకి వర్తించదండీ. ఇంగ్లండ్ చలికి అది సరైన సలహానే. ఇక్కడ ఏప్రిల్ నెల, మధ్యాహ్నానికి 40 డిగ్రీలు దాటుతుంది. కోడికి చెమట గ్రంథులు లేవు, నోరు తెరిచి రొప్పడమే దానికున్న ముఖ్యమైన మార్గం. రొప్పుతున్న కోడిని ఇంకా వేడిలో పెడితే గుడ్డు కంటే ముందు వడదెబ్బే చంపుతుంది. వెచ్చదనం నీళ్లలో ఇవ్వండి, ఆ తర్వాత నీడపట్టున, గాలి ఆడే గదిలో ఉంచండి. ఫ్యాను గాలి తడి ఒంటికి నేరుగా తగలకుండా చూసుకుంటే చాలు.

మామిడితోట · ఉదయం 9:45

అమ్మ వేసుకునే కాల్షియం మాత్రలున్నాయి డాక్టర్ గారు. 500 మిల్లీగ్రాములు, విటమిన్ డి3తో కలిపినవి. నీళ్లు పెట్టాను, ఇప్పుడు దాన్ని కూర్చోబెడుతున్నాను.

పశువైద్యం_రిటైర్డ్ · ఉదయం 9:52

అవి సరిపోతాయి. ఒక మాత్ర చాలు. పొడి చేసి, కొంచెం పెరుగన్నంలో కలిపి పెట్టండి. తినకపోతే చిన్న ముక్కలుగా విరిచి, ముక్కు తెరిచి నాలుక వెనక పెట్టి మూయండి, మింగుతుంది. నీళ్లలో కలిపి సిరంజితో గొంతులోకి పోయకండి. కోడికి గాలిగొట్టం నోరు నాలుక వెనకే ఉంటుంది, అందులోకి పోతే ఊపిరితిత్తుల్లో చేరుతుంది. తప్పనిసరైతే ముక్కు పక్కన చుక్కచుక్కగా వేయండి, అదే మింగుకుంటుంది.

కాల్షియం ఎందుకంటే, అది గుడ్డు పెంకుకి మాత్రమే కాదు, గుడ్డుని బయటికి నెట్టే కండరాలకీ కావాలి. రక్తంలో కాల్షియం తగ్గితే కండరం ముడుచుకోదు. మొన్న పలచటి గుడ్డు పెట్టింది అన్నారు చూడండి, అక్కడే నాకు అనుమానం వచ్చింది.

జాతికోళ్లు_పల్నాడు · ఉదయం 10:30

మా దగ్గర అసీలు పెట్టకి ఇలాగే అయితే ఒకాయన సిరంజి సూదితో గుడ్డుకి కన్నం పెట్టి లోపలి సొన లాగేసి, పెంకు నలిపి తీశాడు. పెట్ట బతికింది. నీళ్లతో రాకపోతే అది చేయొచ్చు కదా డాక్టర్ గారు?

పశువైద్యం_రిటైర్డ్ · ఉదయం 10:50

అది ఉన్న పద్ధతే, మేమూ చేస్తాం. కానీ గుడ్డు దారి దగ్గరికి వచ్చి పెంకు కంటికి కనిపిస్తున్నప్పుడు, కోడికి మత్తిచ్చి, ఆ తర్వాత ప్రతి పెంకు ముక్కా బయటికి వచ్చిందో లేదో చూసుకుంటూ చేస్తాం. గుడ్డు ఇంకా లోపల పెంకు పోసుకునే సంచిలోనే ఉంటే సూది ఎక్కడ దిగుతుందో తెలియదు, పేగుల్లోకి పోవచ్చు. మీ దగ్గర ఆ పెట్ట బతికింది సంతోషం, ఇంట్లో ప్రయత్నించమని మాత్రం నేను చెప్పను.

ఇంకో రెండు విషయాలు కూడా చెప్పేస్తాను, ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి. ఆముదం తాగిస్తే గుడ్డు జారి రాదు. ఆముదం పోయేది పేగులోకి, గుడ్డు ఉండేది వేరే గొట్టంలో. అలాగే మనం వేసుకునే నొప్పి మాత్రలు కోడికి వేయొద్దు.

లేయర్_షెడ్ (తణుకు) · ఉదయం 11:15

నేను లేయర్ (గుడ్ల కోళ్ల) ఫారంలో సూపర్‌వైజర్ని. మేడమ్, వాటికి ఏం మేత వేస్తున్నారు? గ్రామప్రియ లాంటి గోధుమ రంగు గుడ్ల కోడికి నూకలు, తవుడు మాత్రమే వేస్తే ఈ సమస్య వచ్చి తీరుతుంది. ఒక్క గుడ్డు పెంకులో దాదాపు రెండు గ్రాముల కాల్షియం ఉంటుంది. మా దాణాలో 3.5 నుంచి 4 శాతం కాల్షియం కలుపుతాం, ఒక్కో కోడి రోజుకి 110 గ్రాముల దాకా తింటుంది, అంటే నాలుగు గ్రాములు అందుతాయి, అందులో సగం దాకా ఒంటికి పడుతుంది. అదే 110 గ్రాముల నూకలూ తవుడులో పావు గ్రాము కూడా ఉండదు. పైగా తవుడులో ఉండే భాస్వరం ఉన్న కాస్త కాల్షియాన్నీ ఒంటికి పట్టనివ్వదు.

నాటుకోడికి అదే మేత సరిపోతుంది, ఎందుకంటే అది పది పదిహేను గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది, ఆ తర్వాత పిల్లలతో నెలలు తిరుగుతుంది. ఏడాదికి అరవై ఎనభై గుడ్లు. ఈలోగా ఎముకల్లో కాల్షియం మళ్లీ నిండుతుంది. గ్రామప్రియ గుడ్ల కోసం తయారుచేసిన రకం, పొదగడం దాదాపు మానేసింది, వరసగా పెడుతూనే ఉంటుంది. మేతలో కాల్షియం లేకపోతే తన ఎముకల్లోంచి తీసి పెంకు పోస్తుంది. అదీ అయిపోయాక పెంకు లేని తోలుగుడ్లు, ఆ తర్వాత ఇలా ఇరుక్కోవడం.

ఎండాకాలం ఇంకా కష్టం. కోడి రొప్పినప్పుడు రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గిపోతుంది, పెంకు తయారీకి అదీ కావాలి. ఎండకి మేతా తక్కువ తింటుంది. అందుకే ఏప్రిల్, మే నెలల్లో మా షెడ్లలో కూడా పలచటి గుడ్లు పెరుగుతాయి.

మామిడితోట · ఉదయం 11:40

అవునండీ, నూకలు, తవుడు, వంటింట్లో మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు. నాటు పెట్టలకి ఏళ్లుగా అదే వేస్తున్నాం, వాటికెప్పుడూ ఏమీ కాలేదు. ఈ రకానికి వేరే మేత కావాలని కోడిపిల్లల్ని కొన్నప్పుడు ఎవరూ చెప్పలేదు.

నీళ్లలో కూర్చోబెట్టాను. మొదట రెక్కలు కొట్టుకుంది, తర్వాత నిజంగానే కళ్లు మూసుకుంది. పెరుగన్నంలో మాత్ర పొడి కొంచెం తిన్నది, మిగతాది ముక్కలుగా మింగించాను. ఇప్పుడు సామాన్ల గదిలో చీకట్లో ఉంది. ఇంకా గుడ్డు రాలేదు.

కొండపల్లి_గంప · మధ్యాహ్నం 12:10

తొంగిచూడకమ్మా. నువ్వు తలుపు తీసిన ప్రతిసారీ అది లేచి నిలబడుతుంది. గంటకోసారి చాలు. లేచి నడవలేకపోయినా, తురాయి తెల్లబడినా లేదా నీలంగా మారినా మాత్రం ఆగొద్దు.

సిద్దిపేట_మిర్చి (సిద్దిపేట) · మధ్యాహ్నం 12:45

అక్కా, మా కోడికి కూడ పోయినేడాది ఇట్లనే అయింది. ఒక కాలు ఈడ్చుకుంట నడిచేది. అందరం కాళ్ల జబ్బనుకున్నం. అసలు సంగతి లోపల గుడ్డు నరం మీద ఒత్తుతుందట. గుడ్డు వచ్చినంక కాలు మంచిగైంది. మీ దానికి నడక ఎట్లున్నదో చూడుండ్రి.

పశువైద్యం_రిటైర్డ్ · మధ్యాహ్నం 1:20

సిద్దిపేట వారు చెప్పింది నిజం, కాళ్లకి పోయే నరాలు గుడ్డు ఉండే చోటి పక్కనుంచే వెళ్తాయి. కుంటుతున్న పెట్టకోడిని చూస్తే గుడ్డుందేమో తడిమి చూడటం అలవాటు చేసుకోవాలి.

మామిడితోట గారు, రెండు గంటలకి ఇంకోసారి స్నానం చేయించండి. నిన్న సాయంత్రం నుంచి లెక్క వేస్తే ఇప్పటికే పద్దెనిమిది గంటలు దాటాయి. ఇరవై నాలుగు గంటలు దాటితే కోడి వేగంగా నీరసిస్తుంది, రెండో రోజు గడిస్తే బతకడం కష్టం. వెనకే ఇంకో గుడ్డు తయారై దీని మీదికి వచ్చి చేరొచ్చు కూడా. కాబట్టి రెండో స్నానం తర్వాత గంటలో రాకపోతే సాయంత్రం దాకా చూడకుండా పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. అక్కడికి వెళ్లలేకపోతే 1962కి ఫోన్ చేసి అడగండి, సంచార పశువైద్య వాహనం మీ వైపు ఉందేమో చెబుతారు.

అక్కడ చేసేది కాల్షియం గ్లూకోనేట్ ఇంజక్షన్. కొందరు ఆక్సిటోసిన్ (గర్భసంచి కండరాలు ముడుచుకునేలా చేసే మందు) కూడా ఇస్తారు. కాల్షియం ఇచ్చాకే అది ఇవ్వాలి, దారి తెరుచుకోకుండా ఇస్తే లోపలి సంచి చిరిగే ప్రమాదముంది. మీరు కొంచెం చొరవ చేసి మొన్నటి పలచటి గుడ్డు సంగతి, ఇంట్లో ఇచ్చిన మాత్ర సంగతి డాక్టరుకి చెప్పండి. చాలాచోట్ల కోడిని తీసుకొస్తే, కోడికి వైద్యమా అని నవ్వుతారు. నవ్వనివ్వండి. గేదెకి చూసినట్టే కోడికీ చూడటం ఆ ఆసుపత్రి పని.

మామిడితోట · మధ్యాహ్నం 3:05

రెండో స్నానం అయింది. గుడ్డు కొంచెం దగ్గరికి వచ్చినట్టు అనిపిస్తోంది, కానీ రాలేదు. కోడి బాగా నీరసించింది, నీళ్లు కూడా తాగడం లేదు. మూతబుట్టలో పెట్టుకుని ఆటోలో బయల్దేరుతున్నాం.

జాతికోళ్లు_పల్నాడు · మధ్యాహ్నం 3:10

బుట్ట మీద తడిగుడ్డ కప్పండి అక్కా, గాలి ఆడేలా. ఈ ఎండలో ఆటో ప్రయాణం దానికి కష్టం.

మామిడితోట · రాత్రి 7:30

గుడ్డు వచ్చింది!!

ఆసుపత్రిలో ఎవరూ నవ్వలేదు. డాక్టరమ్మ చూసి, కాల్షియం ఇంజక్షన్ ఇచ్చి, అరగంట అక్కడే చెట్టు కింద కూర్చోమన్నారు. దారి ఇంకా పూర్తిగా తెరుచుకోలేదని, వేరే ఇంజక్షన్ ఇప్పుడే వద్దన్నారు. ఇంటికి తెచ్చి చీకటి గదిలో పెట్టాక ఆరున్నర ప్రాంతంలో పెట్టేసింది. మామూలు గుడ్డు కంటే పెద్దది, నడుం చుట్టూ గట్టులా పెంకు లేచి ఉంది, ఒక వైపు గరుకుగా ఇసక అంటినట్టుంది. కొంచెం రక్తపు చార కూడా ఉంది. పెట్టగానే నీళ్లు తాగింది, ఇంత పెద్ద రెట్ట వేసింది. దాని రెట్ట చూసి ఇంత సంతోషపడతానని ఎప్పుడూ అనుకోలేదు. పిన్నిగారికీ, డాక్టర్ గారికీ, అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు.

కొండపల్లి_గంప · రాత్రి 7:45

చల్లని మాట చెప్పావు తల్లీ. ఈ రాత్రికి విడిగానే ఉంచు. దారి వాపు తగ్గేదాకా పుంజు దగ్గరికి రానివ్వకు.

పశువైద్యం_రిటైర్డ్ · రాత్రి 8:15

చాలా సంతోషం. పెంకు మీద ఆ గరుకు ఎందుకంటే, గుడ్డు పెంకు సంచిలో మామూలుగా ఇరవై గంటలుంటుంది. ఇది అంతకంటే చాలా ఎక్కువసేపు ఉండిపోయింది, కదలక ఉన్నచోట సున్నం పేరుకుంది. రెండు మూడు రోజులు రోజుకో కాల్షియం మాత్ర కొనసాగించండి, తర్వాత ఆపి మేతతోనే సరిపెట్టండి. రేపు దారి ఒకసారి చూడండి. లోపలి ఎర్రటి కండ ఏమైనా బయటికి వచ్చిందా, వాసన వస్తోందా గమనించండి. కోడి మళ్లీ ముడుచుకుని కూర్చుంటే, పొట్ట ఉబ్బి నీళ్లు నిండినట్టుంటే లోపల ఇన్‌ఫెక్షన్ అని అర్థం, వెంటనే తీసుకెళ్లాలి.

వీలైతే వారం పాటు వెలుతురు తగ్గించండి. సాయంత్రం త్వరగా గూట్లో మూసేసి, పొద్దున ఆలస్యంగా వదలండి. పగటి వెలుతురు తగ్గితే గుడ్లు పెట్టడం నెమ్మదిస్తుంది, ఒంటికి విశ్రాంతి దొరుకుతుంది.

సిద్దిపేట_మిర్చి · గురువారం ఉదయం 6:40

డాక్టర్ సార్, ఎర్రటి కండ అన్నరు కదా. మా దోస్తు కోడికి నిన్న పొద్దుగాల గుడ్డు తర్వాత అట్లనే ఎర్రగ బయటికి వచ్చి లోపలికి పోతలేదు. వేరే కోళ్లు దాన్నే పొడుస్తున్నయ్. ఏం జెయ్యాలె?

లేయర్_షెడ్ · గురువారం ఉదయం 7:00

దీనికి నేను చెబుతా, మాకు షెడ్లలో ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. ముందు దాన్ని వేరు చేయమనండి, ఈ నిమిషమే. కోళ్లకి ఎర్రటిది కనిపిస్తే పొడవకుండా ఉండలేవు, ఒకటి మొదలుపెడితే మిగతావీ చేరి పేగులు లాగేదాకా వదలవు. తర్వాత గోరువెచ్చని శుభ్రమైన నీళ్లతో కడిగి, పంచదార చిక్కటి పాకంలా నీళ్లలో కలిపి ఆ కండ మీద పూసి పది నిమిషాలు ఉంచాలి. పంచదార అందులోని నీటిని లాగేస్తుంది, వాపు తగ్గుతుంది. మళ్లీ కడిగి, చేతికి గ్లౌజు వేసుకుని, వాజలిన్ రాసి మెల్లగా లోపలికి నెట్టాలి. వెంటనే మళ్లీ బయటికి వస్తే కాసేపు వేలితో ఆపి పట్టుకోవాలి. చీకటి గదిలో పెట్టి, మేత కొంచెం తగ్గించి, గుడ్డు పెట్టకుండా కొన్నాళ్లు చూసుకోవాలి. కండ నల్లబడినా, చిరిగినా ఇంట్లో చేసేదేమీ లేదు, డాక్టరే చూడాలి.

చాలాసార్లు దీనికి కారణం పెట్ట వయసుకి రాకముందే గుడ్లకి దిగడం. పదహారు వారాలు నిండకుండానే గూట్లో రాత్రంతా లైటు వేసి ఉంచేవాళ్లున్నారు, త్వరగా గుడ్లొస్తాయని. ఒళ్లు ఎదగకుండా గుడ్డు వస్తే దారి తట్టుకోలేదు. కొవ్వెక్కిన కోళ్లకీ ఇదే గతి.

సిద్దిపేట_మిర్చి · గురువారం ఉదయం 7:10

లైటు సంగతి నిజమే అన్నా, వాళ్ల గూట్లో తెల్లార్లు బల్బు వెలుగుతనే ఉంటది. ఇప్పుడే పోయి చెప్తా.

కోవెంట్రీ_తోట · గురువారం మధ్యాహ్నం 2:30

ఎర్రపెట్ట కోలుకున్నందుకు చాలా ఆనందం. నా దగ్గర ఉన్నవి ఫారంలో ఏడాదిన్నర గుడ్లు పెట్టాక కోతకి పంపాల్సినవి, ఇక్కడ స్వచ్ఛంద సంస్థలు వాటిని ఇళ్లకి ఇస్తాయి. ఏడాదికి మూడు వందలకు పైగా గుడ్లు పెట్టిన ఒళ్లు కదా, ఇంటికొచ్చాక ఇవే జబ్బులు. ఒకదానికి పదేపదే గుడ్డు ఇరుక్కుంటే ఇక్కడి డాక్టరు చర్మం కింద హార్మోన్ ఇంప్లాంట్ పెట్టారు, దాంతో కొన్ని నెలలు గుడ్లే పెట్టదు. ఖరీదైన వైద్యం, ఆ తర్వాత గుడ్లు తినకూడదని కూడా చెప్పారు. అడవికోడి ఏడాదికి పెట్టేవి ఓ పది పదిహేను గుడ్లే అని చదివినప్పటి నుంచి, మనం ఈ పక్షి ఒంటి మీద ఎంత భారం వేశామో అనిపిస్తూ ఉంటుంది. కనీసం ఆ భారానికి తగ్గ మేత పెట్టడం మన బాధ్యత.

మామిడితోట · తర్వాతి బుధవారం ఉదయం 8:30

ఎర్రపెట్ట బాగుంది. మూడు రోజులు గుడ్డు పెట్టలేదు, తర్వాత ఒక తోలుగుడ్డు, నిన్న మామూలు గుడ్డు. ఏ ఇబ్బందీ లేకుండా పెట్టి, ఊరంతా వినపడేలా అరిచింది. పక్కింటావిడ కూడా వచ్చి చూసి వెళ్లింది.

లేయర్ దాణా తెచ్చాను. ఇప్పుడు నా సందేహం ఏంటంటే, నాటు పెట్టల వెనక రెండు నెలల పిల్లలున్నాయి, అవీ ఈ దాణానే తింటున్నాయి. ఫరవాలేదా? కాల్షియం కోసం తమలపాకు సున్నం నీళ్లలో కలపమని ఒకరు చెప్పారు, అదీ చేయొచ్చా?

లేయర్_షెడ్ · బుధవారం ఉదయం 9:20

సున్నం వద్దు మేడమ్, నోరూ గొంతూ కాలుతాయి. పిల్లలకి లేయర్ దాణా కూడా వద్దు. వాటికి ఒక శాతం కాల్షియం చాలు, నాలుగు శాతం తింటే మూత్రపిండాలు దెబ్బతింటాయి. అన్నీ కలిసి తిరిగే పెరట్లో సులువైన దారి ఒకటుంది. అందరికీ గ్రోయర్ దాణా (ఎదిగే కోళ్ల దాణా) వేయండి, కాల్షియం విడిగా ఒక చిప్పలో పెట్టండి. కోళ్ల దాణా షాపులో షెల్ గ్రిట్ అంటే ఇస్తారు, ఆల్చిప్పలు నత్తగుల్లల ముక్కలు. పిండిలా ఉన్నది కాకుండా కందిగింజంత ముక్కలున్నది తీసుకోండి. గుడ్డు పెట్టే కోడి తనకి కావలసినంత ఏరుకుంటుంది, పిల్లలు పెద్దగా ముట్టవు. ఇంట్లో వాడిన గుడ్ల పెంకులు కూడా కడిగి, ఎండబెట్టి, పెనం మీద వేయించి, బాగా నలిపి వేయొచ్చు. పెంకు ఆకారం తెలిసేలా వేస్తే గుడ్లు పొడుచుకు తినడం నేర్చుకుంటాయి.

ఆ చిప్ప సాయంత్రం మేతప్పుడు తప్పకుండా నిండుగా ఉండేలా చూడండి. పెంకు పోసుకునేది ఎక్కువగా రాత్రిపూట. పెద్ద ముక్కలు కందనకాయలో నెమ్మదిగా కరుగుతూ రాత్రంతా కాల్షియం అందిస్తాయి, లేకపోతే ఆ రాత్రికి ఎముకల్లోంచే తీసుకోవాలి.

మామిడితోట · బుధవారం ఉదయం 9:50

అర్థమైంది. ఇంకొక్కటి, ఇంజక్షన్ ఇచ్చిన తర్వాత పెట్టిన గుడ్లు మా ఇంట్లో పిల్లలకి పెట్టొచ్చా?

పశువైద్యం_రిటైర్డ్ · బుధవారం ఉదయం 10:30

కాల్షియం మాత్రమే ఇచ్చారు కాబట్టి నిరభ్యంతరంగా పెట్టండి. యాంటీబయాటిక్ ఏదైనా ఇచ్చి ఉంటే ఎన్ని రోజులు ఆపాలో ఆ మందును బట్టి ఉంటుంది, చీటీ చూసి డాక్టరమ్మని అడగండి. ఆ తోలుగుడ్డు మాత్రం పారేయండి. పెంకు లేని గుడ్డులోకి క్రిములు తేలిగ్గా చేరతాయి.